ఇంటికి పెళ్ళిచూపులు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, ఈసారి మీరు కొంచెంసేపు మాట్లాడాలి" అన్నారు. సియాచిన్ గురించా, తూర్పు సరిహద్దు గురించా అని అడిగాను. "అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మీరు రిటైరయ్యాక ఇళ్ళు సర్దే పని చేస్తున్నారట కదా, అది చెప్పండి" అన్నారు. నేను ఇంటర్మీడియెట్ దాకా చదివినవాణ్ణి. 1988లో సైన్యంలో చేరి 2016లో సుబేదారుగా బయటికొచ్చాను. పెద్ద పెద్ద మాటలు రావు. నాకు తెలిసిన సంగతి నాకు తెలిసినట్టు చెబుతాను.

ముందు ఈ పనేమిటో చెప్పాలి. జనక్‌పురిలో ఒక ఫ్లాటు అద్దెకివ్వాలన్నా, అమ్మాలన్నా, చూడ్డానికి వచ్చేవాళ్ళకి అది నచ్చాలి. దాన్ని నచ్చేట్టు తయారు చేయడమే నా పని. సున్నం, రంగు, కుళాయిలు, బల్బులు, పరదాలు, నాలుగు కుర్చీలు, ఒక మొక్క. నేను దీన్ని 'ఫ్లాటు తయారు చేయించడం' అనేవాణ్ణి. మా అమ్మాయి గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తుంది. అది ఒకరోజు, "నాన్నా, దీన్ని హోమ్ స్టేజింగ్ అంటారు, అమెరికాలో పెద్ద వ్యాపారం" అంది. మా మార్కాపురం వైపు స్టేజి అంటే బస్సాగే చోటు. ఇంటికీ బస్సుకీ ఏం సంబంధమా అనుకున్నాను. స్టేజి అంటే నాటకాల స్టేజి అట. సియాటిల్ వైపు ఇళ్ళమ్మే బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ 1970లలో దీన్ని మొదలుపెట్టిందని చెప్పుకుంటారట. ఆవిడకి నాటకాల అనుభవం కూడా ఉందట.

అమెరికావాళ్ళు కనిపెట్టారంటే నేను ఒప్పుకోను. మన ఊళ్ళలో పెళ్ళిచూపులకి చేసేది ఇదే కదా! పెళ్ళివారొస్తున్నారంటే పక్కింటి కుర్చీలు, ఎదురింటి కప్పులు సాసర్లు, మేనత్త ఇంటి దుప్పటి. చిరిగిన చాప అటకెక్కుతుంది. దగ్గే తాతగారిని వెనక వసారాలోకి పంపిస్తారు. పిల్ల ఒక్కతే అసలుది, మిగతావన్నీ అరువువే. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళు ఢిల్లీలో ఇల్లు అమ్మి చూడలేదు కాబట్టి అంతటితో ఆపారు.

నాకీ పని తేలిగ్గా అబ్బిందంటే కారణం సైన్యమే. ఇన్‌స్పెక్షన్ ఉందంటే మనం ఏం చేసేవాళ్ళం? రాళ్ళకి గేరు, చూనా. చెట్ల మొదళ్ళకి చూనా. కదిలేదానికి సెల్యూట్ కొట్టు, కదలనిదానికి రంగు కొట్టు అని మన దగ్గర పాత సామెత. ఇన్‌స్పెక్షన్ రోజు బ్యారక్‌లో దుప్పటి మడత చూస్తే అక్కడ మనిషి పడుకున్నాడంటే ఎవరూ నమ్మరు. స్టేజింగ్ అన్నా అంతే.

ఇంకోటి ఉంది. మన ఆడవాళ్ళకి అది బాగా తెలుసు. క్వార్టర్ తీసుకునే రోజు మార్చింగ్ ఇన్, వదిలే రోజు మార్చింగ్ అవుట్. ఎమ్.ఈ.ఎస్. మనిషి కాగితం పట్టుకుని వస్తాడు. మంచాలిన్ని, కుర్చీలిన్ని, కిటికీ అద్దాలిన్ని, కుళాయిలిన్ని, బల్బు హోల్డర్లిన్ని. పోయేటప్పుడు ఆ లెక్కంతా సరిపోవాలి. అద్దం పగిలినా, కుర్చీ చెయ్యి ఊడినా, గోడకి మేకు కొట్టి పెచ్చు లేపినా బ్యారక్ డ్యామేజీల కింద జీతంలో పట్టేస్తారు. అందులో అన్యాయమేం లేదు, సర్కారు సొమ్ము కాబట్టి. కానీ దాని వల్ల మన ఇళ్ళల్లో ఒక అలవాటు పడిపోయింది. ఎక్కడున్నా, అక్కడ ఉన్నట్టు తెలియకుండా ఉండాలి. మా ఆవిడ పన్నెండు క్వార్టర్లు మారింది. పిల్లలు గోడ మీద పెన్సిల్‌తో గీత గీస్తే వీపు మీద ఒకటేసి, రబ్బరు పెట్టి చెరిపేది. కేలండరు తగిలించాలంటే కిటికీ చువ్వకి దారంతో కట్టేది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

జనక్‌పురి సంగతి చాలామందికి తెలుసు. డి.డి.ఏ. కట్టించిన పాత కాలనీ. పంఖా రోడ్డు మీదుగా కంటోన్‌మెంటు దగ్గర, బేస్ హాస్పిటల్ దగ్గర. అందుకే మనవాళ్ళు ఇటు చేరారు. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి బడి కూడా ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1948లో స్థాపించిన సంస్థ అది. 2005 ఆఖర్లో బ్లూ లైన్ మెట్రో వచ్చింది, 2018లో మజెంటా లైన్ వచ్చింది. ఇప్పుడు జనక్‌పురి వెస్ట్‌లో ఎక్కితే ఎయిర్‌పోర్టు టెర్మినల్ 1 దగ్గర దిగొచ్చు. కాబట్టి అద్దెకొచ్చేవాళ్ళకి కొరత లేదు. కొరతంతా ఫ్లాటుల్లోనే ఉంది.

మొదటి శత్రువు సీలన్. అంటే గోడల్లో చెమ్మ. కింది అంతస్తుల్లో నేల నుంచి పైకి పాకుతుంది, పై అంతస్తుల్లో బాత్‌రూమ్ గొట్టాల నుంచి కిందికి దిగుతుంది. జులై, ఆగస్టుల్లో గోడ ఉబ్బి, రంగు అప్పడంలా పొంగుతుంది. డీలర్లు చెప్పే మందు ఒకటే, "వాల్‌పేపర్ అంటించెయ్యండి సాబ్." నేనది చెయ్యను. పెచ్చు ఊడగొట్టి, కారే చోటు వెతికి మూసి, గోడని పది పదిహేను రోజులు ఎండనిచ్చి, అప్పుడు పుట్టీ, అప్పుడు రంగు. ఇంటి యజమాని తొందరపడితే పని మానుకుంటాను. పిల్లకి పౌడరు రాయడం వేరు, పిల్లని మార్చి చూపించడం వేరు.

రెండో శత్రువు సామాను. ఢిల్లీలో బాక్స్ మంచం అనేది ఒక పాతాళం. దాంట్లోంచి రజాయిలు తీస్తాం. వాటి కింద ఇంకో రజాయిలు. వాటి కింద మూత లేని ప్రెషర్ కుక్కర్లు మూడు, కుక్కర్ లేని మూతలు రెండు. కబాడీవాలాని పిలుద్దామంటే యజమానురాలు ఏడుపు మొహం పెడుతుంది. ఒకింట్లో ఇరవై ఏళ్ళ నాటి కూలరు బాల్కనీలో తుప్పు కారుతోంది. తీసేద్దామంటే ఆ ఇంటి పెద్దాయన, "అందులో పావురం గుడ్లు పెట్టింది, పిల్లలు ఎగిరిపోయాక రండి" అన్నాడు. అవి ఎగిరిపోయేదాకా ఆగాం. పావురానికి కూడా మార్చింగ్ అవుట్ ఉంటుంది మరి.

మూడోది నీళ్ళు. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ నీళ్ళు లేని వేళకే వస్తారు, వచ్చి ముందుగా కుళాయే తిప్పుతారు. అందుకని పైన ట్యాంకు నిండిందో లేదో పొద్దున్నే నేనే ఎక్కి చూసుకుంటాను. ఈ వయసులో ఇనప నిచ్చెన ఎక్కుతుంటే కింద నుంచి మా ఆవిడ, "అక్కడా గార్డ్ డ్యూటీయేనా?" అంటుంది.

అద్దెకిచ్చేవాళ్ళకి ఒక మాట చెప్పి ముందుకెళతాను. అందరూ పదకొండు నెలల అగ్రిమెంటే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ బాధ తప్పించుకోడానికే పదకొండు. దాంతోపాటు కిరాయిదారుకి పోలీసు వెరిఫికేషన్ కూడా చేయించండి. తెలిసిన మొహమే కదా అని వదిలెయ్యొద్దు.

ఇక మా ఇంటి కష్టాలు. మీరు వినాలని కూర్చున్నది ఇవేనని నాకు తెలుసు.

పని మొదలుపెట్టిన కొత్తలో చేతిలో పెట్టుబడి లేదు. కీర్తినగర్ ఫర్నిచర్ మార్కెట్లో ఒక మంచి కుర్చీ ధర అడిగితే నా మోకాళ్ళు వణికాయి. అందుకని మా ఇంట్లో సామానే పట్టుకెళ్ళేవాణ్ణి. రెండు కేన్ కుర్చీలు, టేబుల్ ల్యాంపు, కుషన్లు, మనీప్లాంటు. ఫ్లాటు కుదిరాక తెచ్చేసేవాణ్ణి. ఒక్కోసారి ఇంకో ఫ్లాటుకి నేరుగా వెళ్ళిపోయేవి. మా కుర్చీలు నాకంటే ఎక్కువ పోస్టింగులు చేశాయి. మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చి, "ఇవాళ ఎక్కడ కూర్చోవాలమ్మా?" అని అడిగేవాడు.

అలా ఉండగా ఒక శుక్రవారం సాయంత్రం హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. మా అమ్మాయిని చూడ్డానికి వాళ్ళు ఆదివారం వస్తామన్నారు. మా కుర్చీలు ఒక బ్లాకులో, ల్యాంపు ఇంకో బ్లాకులో, పరదాలు డ్రైక్లీనింగులో ఉన్నాయి. పరాయి ఇళ్ళకి పెళ్ళిచూపులు చేసే మనిషి ఇంట్లో పెళ్ళిచూపులకి కుర్చీ లేదు! మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఎంత ప్రమాదమో మగవాళ్ళందరికీ తెలుసు. ఎదురింటి పంజాబీ ఆంటీ దగ్గరికెళ్ళి నాలుగు కుర్చీలు తెచ్చింది. ఆవిడ కుర్చీలతోపాటు ఒక పళ్ళెం బర్ఫీ ఇచ్చి, తనూ వచ్చి ఆ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది. సంబంధం కుదిరింది. అల్లుడు మంచివాడు, ఎవరు చెప్పారో ఏమో సంగతంతా తెలుసుకున్నాడు. ఇప్పటికీ మా ఇంటికొస్తే కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, "ఇది మనదేనా మామయ్యగారూ?" అని అడిగి మరీ కూర్చుంటాడు.

తరవాత చెంబు కథ. మా అత్తగారిచ్చిన ఇత్తడి చెంబు ఒకటుంది. చింతపండుతో తోమితే బంగారంలా ఉంటుంది. ద్వారక వైపు ఖాళీ స్థలాల్లో రెల్లు పూలు దొరుకుతాయి, ఖర్చులేదు. ఆ చెంబులో రెల్లు పెట్టి కిటికీ పక్కన ఉంచితే, చూసినవాళ్ళంతా "వాహ్" అనేవారు. ఒకావిడైతే ఫ్లాటు సంగతి వదిలేసి చెంబు ధర అడిగింది. ఇంతలో శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున ఐదింటికి మా ఆవిడ కలశానికి చెంబు వెతికింది. చెంబేమో తాళం వేసిన ఫ్లాటులో ఉంది, తాళం డీలరు దగ్గరుంది, డీలరు వైష్ణోదేవి కొండ మీదున్నాడు. ఇందులో నా తప్పేముందో మీరే చెప్పండి. ఆ ఏడు మా ఇంట్లో లక్ష్మీదేవి స్టీలు చెంబు మీద కొలువుతీరింది. మర్నాడే మా ఆవిడ ఒక కాగితం రాసి బీరువా తలుపుకి అంటించింది. ఎమ్.ఈ.ఎస్. లిస్టులాగే ఉంది. ఏ వస్తువు, ఎన్ని, ఎక్కడికెళ్ళింది, ఎప్పుడొస్తుంది, తీసుకెళ్ళినవారి సంతకం. చివర "ఇత్తడి చెంబు, కుందులు: బయటికి పోవు" అని రెండు గీతలు కొట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఎమ్.ఈ.ఎస్. వాళ్ళకి సంతకాలు పెట్టాను. ఇప్పుడు ఇంట్లో పెడుతున్నాను.

ఇంకోసారి మా కింది అంతస్తు ఫ్లాటే అమ్మకానికి వచ్చింది. నెల రోజులు కష్టపడ్డాను. చూసేవాళ్ళు పదకొండింటికి వస్తామన్నారు. ఇంట్లో వంట వాసన ఉండకూడదనేది ఈ పనిలో పెద్ద సూత్రం. కింద సాంబ్రాణి కడ్డీ వెలిగించి సిద్ధంగా ఉన్నాను. సరిగ్గా వాళ్ళు గడప దాటుతుండగా పైన మా ఆవిడ ఊరమిరపకాయలు వేయించింది. డి.డి.ఏ. ఫ్లాటుల్లో వంటిళ్ళన్నీ ఒకే వెనక సందులోకి తెరుచుకుంటాయి కదా, ఆ ఘాటు నేరుగా కిందికి దిగింది. వచ్చిన నలుగురూ దగ్గు. డీలరు దగ్గు. నేను పైకి పరిగెత్తి, "ఇప్పుడే వేయించాలా?" అన్నాను. మా ఆవిడ గరిటె ఆపకుండా, "వాళ్ళు కొంటే రోజూ పీల్చేది ఈ గాలే. ముందే తెలియడం మంచిది కాదా? సీలన్ దాచకూడదన్నారు, మిరపకాయ దాచొచ్చా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ నలుగురూ కొనలేదు. తరవాత కొన్నవాళ్ళు కర్నూలు వాళ్ళు. ఇప్పుడు పొద్దున ఘాటు కింద నుంచి పైకి వస్తుంది.

నవ్వింది చాలు. ఒక సంగతి చెప్పి ముగిస్తాను. అది నవ్వే సంగతి కాదు.

ఈ పనిలో అన్నిటికంటే పెద్ద సూత్రం ఏమిటంటే, ఇంట్లో ఉన్నవాళ్ళ జాడ కనిపించకూడదు. కుటుంబం ఫోటోలు, పిల్లల బహుమతులు, దేవుడి పటాలు అన్నీ తీసెయ్యాలి. కొనేవాడు ఆ గదిలో తనని తాను ఊహించుకోవాలట, ఇంకొకళ్ళ మొహాలు అడ్డు రాకూడదట. వ్యాపారానికి అది నిజమే, నేనూ చేస్తాను. దండ వేసిన ఫోటో అయితే మరీనూ. చూసేవాళ్ళు గొంతు తగ్గిస్తారు, గదులు పూర్తిగా చూడకుండానే వెళ్ళిపోతారు.

మన సంఘంలోనే ఒక అక్కగారు. పేరు చెప్పను, చాలామందికి తెలుసు. భర్త సిగ్నల్స్‌లో హవల్దారు చేసి రిటైరయ్యి, 2019లో పోయారు. కొడుకు విశాఖపట్నంలో ఉన్నాడు, ఆవిడని అక్కడికి రమ్మంటున్నాడు. రెండో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు అమ్మాలి. నన్ను పిలిచారు. డబ్బు తీసుకునే ప్రశ్న లేదు. రంగు వేయించాను, కుళాయిలు మార్పించాను, బాక్స్ మంచం ఖాళీ చేయించాను. మిగిలినవి రెండే. ముందు గదిలో యూనిఫారంలో ఆయన ఫోటో, చందనపు దండ. వంటింటి తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలు. ఇద్దరు పిల్లలు ఏ ఏడు ఎంత పొడుగున్నారో తేదీలతో గీసినవి.

డీలరు నన్ను పక్కకి పిలిచి, ఆ రెండూ తీసేస్తేనే పార్టీని తెస్తానన్నాడు. అతని మాట అక్కగారికి చెప్పాల్సింది నేనే కాబట్టి చెప్పాను. ఆవిడ కాసేపు ఫోటో వంకే చూసి అన్నారు, "తమ్ముడూ, ఆయన ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయారు. నన్నూ, పిల్లల్నీ తిప్పారు. ఈ గోడ మీదికి వచ్చాకే కుదురుగా ఉన్నారు. నేను వెళ్ళే రోజు నాతో తీసుకెళతాను. ఈలోపు ఆయన్ని మళ్ళీ మార్చమంటావా?"

నేను వెళ్ళి డీలరుకి చెప్పాను, ఫోటో ఉంటుంది, గీతలుంటాయి, ఇష్టమైన పార్టీనే తీసుకురమ్మని. అతను సరేననలేదు, కాదనలేదు. నేను మాత్రం తలుపు చట్రానికి రంగు వేస్తున్న కుర్రాణ్ణి ఆపి, ఆ గీతలున్న మూరెడు మేర వదిలి కింద, పైన వెయ్యమన్నాను. చూడ్డానికి వింతగానే ఉంది.

ఐదు నెలలు పట్టింది. చాలామంది వచ్చారు, ఫోటో చూశారు, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఒకాయన నన్ను మెట్ల మీద ఆపి, "ఆయన ఈ ఇంట్లోనే పోయారా?" అని అడిగాడు. అక్కగారు ప్రతిసారీ తలుపు తానే తీసేవారు. చివరికి ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబంతో వచ్చాడు. పెద్దవాళ్ళు గదులు చూస్తుంటే, వాళ్ళ ఆరేడేళ్ళ పాప వంటింటి తలుపు దగ్గర ఆగి, గీతలకి వీపు ఆనించి, తల మీద చెయ్యి పెట్టి కొలుచుకుంది. "నేను ఈ అన్నయ్య కంటే పొడుగు" అంది హిందీలో. అక్కగారు వెళ్ళి పెన్సిల్ తెచ్చారు. డీలరు అనుకున్న ధర కంటే రెండు లక్షలు తక్కువకి బేరం కుదిరింది. ఆ రెండు లక్షల గురించి డీలరు నాతో ఇప్పటికీ అంటాడు, అక్కగారు ఎప్పుడూ అనలేదు.

వెళ్ళే రోజు ఫోటో ఆవిడే దించి, దుప్పటిలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుంటానన్నారు. గోడకి మేకు మిగిలింది. నేను పట్కారు తీసి పీకబోతే, "వాళ్ళేదైనా తగిలించుకుంటారులే తమ్ముడూ" అన్నారు.

మా ఆవిడ మేకుల సంగతికి మళ్ళీ వస్తానన్నాను కదా. మేము రిటైర్‌మెంట్ డబ్బుకి అప్పు కలిపి సొంత ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేసిన వారంలో, నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి ఇంట్లో సుత్తి చప్పుడు. మా ఆవిడ స్టూలెక్కి మేకులు కొడుతోంది. కేలండరుకొకటి, గడియారానికొకటి, దేవుడి పటాలకి ఆరు, పెళ్ళి ఫోటోకొకటి, తాళాలకి, జల్లెడకి, చాటకి. కొత్త పుట్టీ పెచ్చులు నేల నిండా ఉన్నాయి. లెక్కపెడితే పందొమ్మిది. రెండింటికి తగిలించడానికి ఏమీ లేదు. "ఇవెందుకు?" అంటే, "ఉండనివ్వండి" అంది. ఈమధ్య ఒక డీలరు మా ఇంటికి టీ తాగడానికి వచ్చి గోడలు చూసి, "సాబ్, మీ ఇల్లు అమ్మాలంటే ముందు దీన్ని తయారు చేయించాలి" అన్నాడు. మా ఆవిడకి హిందీ బాగా వచ్చు. అతనికి ఆ రోజు టీలో చక్కెర పడలేదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సభ్యుల్లో ఎవరికైనా ఫ్లాటు అద్దెకివ్వాలన్నా, అమ్మాలన్నా నన్ను పిలవండి. సలహాకి డబ్బు లేదు, టీ చాలు. కుర్చీలు మాత్రం మీవే. చెంబు అడగొద్దు.

సెలవు. జై హింద్.